కాగితం లేక కొందరు, కాగితంతోనే కొందరు

మన యానాది కాలనీల్లో, సుగాలి తండాల్లో అమ్మానాన్న పోయిన బిడ్డను రోడ్డు మీద వదిలెయ్యరు. పెద్దమ్మో, మేనమామో చంకనేసుకుని తెచ్చుకుంటారు. నలుగురు పెద్దల ముందు ఒక మాట అనుకుంటే చాలు, ఆ పిల్ల ఆ ఇంటి పిల్లే. కానీ ఆ పిల్లకు రేపు చిలకలూరిపేటలో ఏదన్నా సర్టిఫికెట్ కావాల్సొస్తే, "నువ్వు ఎవరి బిడ్డవి? రుజువేది?" అని అడుగుతారు. అక్కడ పెద్దల మాట చెల్లదు.

దీనికి మూలం పాతది. 1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం తెచ్చారు. కేంద్రం గెజిట్‌లో ప్రకటిస్తే తప్ప అది షెడ్యూల్డు తెగలకు వర్తించదని అందులోనే రాశారు. మన ఆచారం జోలికి రాలేదు, మంచిదే. ఆ ఆచారానికి రుజువు ఎట్లా చూపాలో మాత్రం చెప్పలేదు.

ఇది కాగితం లేని బాధ. కాగితంతోనే జరిగిన మోసం ఇంకోటుంది.

విదేశీ దత్తతల మీద 1984లోనే, లక్ష్మీకాంత్ పాండే కేసులో, సుప్రీంకోర్టు కట్టుదిట్టమైన నిబంధనలు పెట్టింది. 1990లో కేంద్ర దత్తత సంస్థ 'కారా' వచ్చింది. అయినా 1999లో, మళ్ళీ 2001లో ఏం బయటపడింది? నల్గొండ జిల్లా దేవరకొండ వైపు తండాల నుంచి లంబాడీ ఆడపిల్లల్ని దళారులు కొద్దిపాటి డబ్బుకి కొని హైదరాబాద్ చేర్చారు. అక్కడ్నించి విదేశాలకు దత్తత. చదువురాని తల్లి వేలిముద్ర పడితే అమ్మకం కాస్తా 'అప్పగింత' అయిపోయింది.

ఆ గొడవ తర్వాతే, పేదరికం వల్లనో ఆడపిల్ల అనో బిడ్డను వదులుకోవడం కుదరదని 2001లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. నిషేధం సరే, నిషేధంతో తల్లి పొయ్యి మీద కూడు ఉడకదు కదా! ఆ బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

ఇప్పుడున్నది 2015 నాటి బాల న్యాయ చట్టం. ఇది మనకీ వర్తిస్తుంది. ఇందులో మూడు సంగతులు ప్రతి తండాకూ తెలియాలి.

ఒకటి: బిడ్డను అప్పగించాలంటే బాలల సంక్షేమ కమిటీ ముందే. నర్సుకో, దళారికో కాదు. సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోడానికి తల్లికి రెండు నెలల గడువుంది.

రెండు: బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ళ దాకా జైలు.

మూడు: పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని, తాత, అవ్వ చట్టప్రకారమే దత్తత తీసుకోవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు కోర్టు కాదు, కలెక్టరే ఇస్తారు. అదే ఏడాది పల్నాడు జిల్లా అయింది. అంటే మన కాగితం ఇప్పుడు నరసరావుపేటలోనే ఉంది.

కానీ కూలి పోగొట్టుకుని ఎవరు పోతారు? ఆన్‌లైన్ దరఖాస్తు ఎవరు నింపుతారు? అందుకే అధికారులే కాలనీలకూ తండాలకూ వచ్చి శిబిరాలు పెట్టాలని అడుగుతున్నాం. అప్పగింత పత్రం తల్లికి తన భాషలో చదివి వినిపించాలని అడుగుతున్నాం.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, డిగ్రీ చదివిన మనం ఆ దరఖాస్తు నింపలేమా? మన పేటలో ఏ తల్లైనా బిడ్డను వదులుకునే ఆలోచనలో ఉందని తెలిస్తే, దళారి కంటే ముందు ఆ గుడిసెకి మనం పోదాం. 1098కి ఫోన్ చేద్దాం. ఆమెను తప్పుపట్టడానికి కాదు, ఆమె పక్కన నిలబడడానికి.

జై ఆదివాసీ!