డిస్కులును బహుముఖధ్వనియు

మన ద్వారకా నగరమున, ఆర్టీసీ కాంప్లెక్సు చెంత, కన్నులు మూసికొని నిలిచిన వానికి సైతము ఏ బస్సు వెనుకనుండి వచ్చుచున్నదియు, ఏ వర్తకుడు కుడిప్రక్క కేకవేయుచున్నదియు ఒకరు చెప్పనక్కరలేదు. శబ్దము ఒక చెవికి ముందును, రెండవ చెవికి రవంత వెనుకను చేరును. తల యడ్డుపడుటచే ఆ రెండవ చెవికి కొంత మందగించును. ఈ స్వల్పభేదమును బట్టియే బుద్ధి దిక్కును నిర్ణయించును. అంగడులవారు సరౌండ్ సౌండు అని విక్రయించునది ఈ ప్రకృతిధర్మమును ఆశ్రయించినదే. ముందు మూడు, వెనుక రెండు స్పీకర్లును, గంభీరనాదమునకు వేరొకటియు నుండుటచే దానిని 5.1 అందురు.

ఇక డిస్కు విషయము. 1982వ సంవత్సరమున సోనీ, ఫిలిప్స్ సంస్థలు వెలయించిన కాంపాక్టు డిస్కునందు ధ్వనితరంగమును సెకనుకు 44,100 మారులు కొలిచి, ఆ కొలతలను సంఖ్యలుగా వ్రాసిరి. మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములవరకే వినగలదు. దానికి రెట్టింపునకు మించి కొలిచిన చాలునని శాస్త్రము. రెండు స్పీకర్లకు కలిపి సెకనుకు 14,11,200 బిట్లు కావలసివచ్చెను. 1996లో జపానునందు వెలువడిన డీవీడీలో బొమ్మకును చోటు కావలెను గదా! అందుచే డాల్బీ డిజిటల్ పద్ధతి చెవి గుర్తింపజాలని యంశములను విడిచివేసి, ఆరు మార్గముల ధ్వనిని సెకనుకు 4,48,000 బిట్లకు మించకుండ కుదించెను. డీటీఎస్ అంతకంటె ఎక్కువ చోటు గైకొనును. 2006లో వచ్చిన బ్లూరే డిస్కులలో డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అను పద్ధతులు ఒక్క బిట్టును పోనీయక మడిచి, మరల యథాతథముగ విప్పును. కావున అట్టపై సంఖ్య పెద్దదైనంత మాత్రమున ధ్వని మంచిదని నమ్మరాదు.

నా యసలు మాట యిది. 1957వ సంవత్సరమున కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున వచ్చిన మాయాబజారు చిత్రమును చూడని తెలుగు కుటుంబము అరుదు. దాని ధ్వని యేకముఖము; సావిత్రి పలుకు, ఘటోత్కచుని యట్టహాసము, ఘంటసాలవారి గానము అన్నియు నొకే దారిని వచ్చును. 2010 జనవరిలో ఆ చిత్రమునకు రంగులద్ది, ధ్వనిని డీటీఎస్‌గా మార్చి విడుదల చేసిరి. బాలురనేకులు దానివలన తొలిసారి ఆ చిత్రమును పెద్దతెరపై చూచిరి. ఆ మేలును నేను కాదనను. కాని కాచిన పులుసునుండి చింతపండును, బెల్లమును విడదీయుట యెట్లు? నేటి కంప్యూటరులు కొంతవరకు విడదీయగలవు. అయినను అది యూహయే. వెనుక స్పీకరునుండి వినవచ్చు తాళధ్వని 1957నాటి కళాకారులు అచట నుంచినది కాదు.

కావున పాతచిత్రములను డిస్కులుగా వెలువరించువారు క్రొత్తధ్వనితోబాటు తొలిధ్వనిని గూడ తప్పక చేర్చవలెను. చోటు చాలదందురా? ఒక డీవీడీలో ఎనిమిది ధ్వనిమార్గములవరకు చేర్చ వీలున్నది. ఏకముఖధ్వనికి సెకనుకు 1,92,000 బిట్లు కేటాయించినను, మూడుగంటల చిత్రమునకు సుమారు 260 మెగాబైట్లు మాత్రమే యగును. 4,700 మెగాబైట్లు పట్టు డిస్కులో అది పదునెనిమిదవ వంతు. లోపము చోటులో లేదు, శ్రద్ధలోనే.

పాతధ్వనిని నేటి పిల్లలు వినరని కొందరి వాదము. విననిచ్చిన తరువాత గదా ఆ మాట! ఈ ధ్వనికి ఒక్క స్పీకరు చాలును. పాత్రల మాటలు స్పష్టముగ వినబడును. ఇండ్లలో "పాటలు చెవులు పగులగొట్టుచున్నవి, మాటలు మాత్రము వినబడవు" అని తల్లిదండ్రులు విసుగుకొనుట చూచుచున్నాము. 5.1లో సంభాషణ చాలవరకు నడిమి స్పీకరునకే పంపబడును. ఇంట రెండే స్పీకర్లుండి, యంత్రమున స్టీరియో యని నిర్ణయింపనిచో నడిమి మాట లోపించును. ఆరు పెట్టెలు కొనుటకు ముందు ఆ యొక్క యమరికను సరిచూచుకొనుట మేలు.

ఇప్పుడు డిస్కులు కొనువారు తగ్గిరి. చిత్రములు అంతర్జాలము మీదుగ ఇంటికి వచ్చుచున్నవి. అందు ఏ ధ్వని యుంచవలెనో పంపువారి యిష్టము. రేపు మార్చినను మనకు తెలియదు. పెట్టెలోని డిస్కును మాత్రము ఎవరును మార్చజాలరు. విద్యార్థులారా, మీ యిండ్ల బీరువాలలోని పాత డిస్కుల అట్టల వెనుకవైపు ఒకపరి చదువుడు. మోనో యని యున్నదానిని చెత్తబుట్టలో వేయక, అంచులు పట్టుకొని తీసి, మెత్తని గుడ్డతో నడిమినుండి అంచువైపు తుడిచి, సముద్రపు తేమ తగులనిచోట నిలువుగా నుంచుడు.