ఆ టిక్కు ఎవరు పెట్టాలి?

మా తోడికోడలికి మెడ దగ్గర చిన్న గడ్డలా కనిపిస్తే డాక్టరు థైరాయిడ్ స్కాన్ రాశారు. అప్పటికి ఆమెకు పది నెలల బాబు. రాత్రిళ్లు ఇంకా తల్లిపాలే. స్కాన్ రోజున ఆస్పత్రిలో ఓ ఇంగ్లీషు కాగితం ఇచ్చారు. మా మరిది నింపాడు. 'ల్యాక్టేటింగ్' అన్నచోట 'నో' అని టిక్కు పెట్టాడు. పాలిచ్చే తల్లా అని అడుగుతున్నారని అతనికి తెలీదు. పక్కనే కూర్చున్న భార్యని అడగాలని అతనికీ తోచలేదు, కౌంటర్లో వాళ్లకీ తోచలేదు.

ఇంజక్షన్ ఇచ్చారు, ఫొటో తీశారు, పంపేశారు. ఇంటికి రాగానే పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఆమె పాలిచ్చింది.

వారం తర్వాత, ఒళ్లో బాబుని చూసి డాక్టరుగారు "ఆ రోజు పాలు ఆపారు కదా?" అన్నారు. అప్పుడు తెలిసింది సంగతి! మోతాదు చిన్నదే, కంగారుపడొద్దన్నారాయన. అయినా ఆ రాత్రి ఆమె కన్ను మూయలేదు.

ఇక ఇంట్లో రెండో కథ. ఈ మాట చెవిన పడ్డ మా అత్తగారు ఆమెకు కంచం, గ్లాసు వేరుచేశారు. మైల పాటించినట్టు నెల రోజులు వంటింట్లోకి రానివ్వలేదు. జాగ్రత్త కావలసిన రోజున ఎవరికీ పట్టలేదు. అక్కర్లేని నెలంతా అందరూ జాగ్రత్తపడ్డారు!

నేను బి.ఎ. చదివినదాన్ని, సైన్సు అంతగా రాదు. అయినా పట్టుబట్టి తెలుసుకున్నాను. ఆ ఇంజక్షన్‌లో ఉన్నది టెక్నీషియం-99ఎం. అది థైరాయిడ్‌లో చేరి కిరణాలు పంపుతుంటే కెమెరా వాటితో బొమ్మ గీస్తుంది. ప్రతి 6 గంటలకీ దాని శక్తి సగమైపోతుంది. అంటే ఒక రోజు గడిచేసరికి పదహారో వంతే మిగులుతుంది. వారానికి లెక్కకు రానంత. ఒంటికి తగిలిన మోతాదును మిల్లీసీవర్టుల్లో చెబుతారు. ఈ స్కాన్‌కు సాధారణంగా ఒకటి నుంచి రెండున్నర దాకా ఉంటుంది. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి సగటున 2.4 ఎలాగూ తగులుతూనే ఉంటుందట.

అలాగని అన్నీ ఒకటి కావు. థైరాయిడ్ క్యాన్సర్‌కి, థైరాయిడ్ అతిగా పనిచేసేవాళ్లకి ఇచ్చే అయోడిన్-131 సగమవడానికే 8 రోజులు పడుతుంది. అది గర్భిణికి ఇవ్వకూడదు. పాలిచ్చే తల్లయితే ఆ బిడ్డకి పాలు పూర్తిగా మాన్పించాల్సిందే. కొన్నాళ్లు పిల్లలకు దూరంగానూ ఉండాలి. ఆ టిక్కు ఈ మందుకి పెట్టి ఉంటే? తలుచుకుంటేనే గుండె ఝల్లుమంటుంది.

ఈ విద్యకు ఆద్యుడు హెవెసీ అనే శాస్త్రవేత్త. 1911లో మాంచెస్టర్‌లో అద్దెకుండేవాడు. ఇంటావిడ ఆదివారం మిగిలిన మాంసాన్నే మళ్లీ మళ్లీ వడ్డిస్తోందని అనుమానించి, కంచంలో మిగిలినదాంట్లో రేడియోధార్మిక పదార్థం కాస్త కలిపి, తర్వాతి వంటలో దాన్ని పట్టుకున్నాడని చెప్పుకుంటారు. 1943 నోబెల్ బహుమతి ఆయనదే. చదివి నవ్వుకున్నాను గానీ, ఒక్క మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆవిడతో ముందుగా ఒక్కముక్క చెప్పలేదు కదా! వందేళ్లు దాటాక మా తోడికోడలికీ ఎవరూ చెప్పలేదు.

అందుకే అంటున్నాను. ఆ ప్రశ్నలు తెలుగులో ఉండాలి. భర్తనో, అత్తగారినో కాదు, ఆమెనే, చాటుగా అడగాలి. నలుగురిలో "నెల తప్పిందా?" అని కేకేస్తే ఏ ఆడపిల్ల నోరు విప్పుతుంది? ఇంటికి పంపేటప్పుడు మందు పేరు, మోతాదు, ఎన్ని గంటలు జాగ్రత్తపడాలో రాసివ్వాలి. అక్కడ పనిచేసేవాళ్లు తమకు తగిలే మోతాదు కొలవడానికి బ్యాడ్జి పెట్టుకుంటారు. మంచిదే. మన లెక్క మనకీ తెలియొద్దూ?

మనమూ భయపడి పరీక్ష మానుకోకూడదు. బీపీ ఎంతని అడగడం లేదూ? ఇదీ అంతే. ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు అని అడుగుదాం.

ఆర్నెల్ల తర్వాత మళ్లీ స్కాన్ పడింది. ఈసారి మా మరిది కాగితం, కలం రెండూ భార్య చేతికే ఇచ్చాడు. అర్థం కాని మాటలకు ఆమె అక్కడి నర్సుని పిలిచి అడిగింది. ఆ నర్సు ఒక్కోటీ తెలుగులో చెప్పింది. మొత్తం కలిపి ఐదు నిమిషాలు పట్టింది, అంతే.