గుర్రపుశాల పెట్టదలచిన రైతులకు

హైదరాబాదు చుట్టుపట్ల భూమియున్న రైతులు కొందరు ఈ మధ్య నన్నొక ప్రశ్న అడుగుచున్నారు. పట్టణములో గుర్రములున్నవారికి శాలలు లేవు గదా, నెలకింత అని పుచ్చుకొని వారి గుర్రములను మన పొలములో పోషించిన లాభముండునా? ఉండవచ్చును. అయితే కొట్టము కట్టుటకు ముందు కాగితముపై లెక్క కట్టవలెనని నా అభిప్రాయము.

మొదటిది మేత. 400 కిలోల బరువుగల గుర్రము రోజుకు గడ్డి, దాణా కలిపి సుమారు 8 కిలోలు తినును. అందులో గడ్డి 6 కిలోలు, దాణా 2 కిలోలు అనుకొనుడు. సంవత్సరమునకు గడ్డి 2,190 కిలోలు, దాణా 730 కిలోలు కావలెను. ఐదు గుర్రములకు గడ్డియే దాదాపు 11 టన్నులు. ఈ అంకెలను మీ ఊరి ధరతో గుణించి చూడుడు. ఇంట వరిగడ్డి ఉన్నది గదా అని ధైర్యపడవద్దు. ఎద్దు నెమరువేసి అరిగించుకొనునంతగా గుర్రము అరిగించుకొనలేదు. గరిక, లూసర్ను వంటి మంచి మేత, నానబెట్టి ఉడికించిన ఉలవలు కావలెను. బూజుపట్టిన మేత బొత్తిగా పనికిరాదు. గుర్రము వాంతి చేసికొనలేదు. శూల వచ్చినచో ప్రాణముమీదికి వచ్చును.

రెండవది పని. ఒక్కొక్క గుర్రమునకు 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల గది, రోజుకు 30 నుండి 40 లీటర్ల మంచినీరు, తిరుగుటకు కంచెవేసిన జాగా ఉండవలెను. ఆరు, ఎనిమిది వారముల కొకసారి గిట్టలు చెక్కి లాడములు మార్పింపవలెను. రెండు మూడు గుర్రములకు ఒక మనిషి చొప్పున కూలి లెక్క వేసికొనుడు. పండుగనాడైనను ఈ పనికి సెలవు లేదు. లద్దె మాత్రము మీ చేనికి మంచి ఎరువు. అది మీకు మిగులు.

మూడవది రోగము. గ్లాండర్స్ అను వ్యాధి గుర్రమునుండి మనిషికిని సోకును. వ్యాధి నిర్ధారణయైన గుర్రమును 2009 నాటి చట్టము ప్రకారము చంపవలసియుండును. కావున రక్తపరీక్ష పత్రము చూడనిదే ఏ గుర్రమును చేర్చుకొనవద్దు. చేర్చుకొన్న తరువాత మూడు వారములు వేరుగా కట్టుడు.

అన్నిటికన్న పెద్ద చిక్కు వేరొకటి యున్నది. నేనెరిగిన ఒక రైతు ఐదు గుర్రములను చేర్చుకొనెను. ఇద్దరు యజమానులు మూడు నెలలు సొమ్ము పంపలేదు. నోరులేని జీవములను పస్తుంచలేక ఆయన తన ధాన్యము అమ్మి దాణా కొనెను. గుర్రము గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు ఊరకే అనలేదు.

కనుక నా సలహా ఇది. రెండు గుర్రములతో మొదలుపెట్టుడు. పొరుగువాని ధర చూచి మీ ధర నిర్ణయింపవద్దు. మీ ఖర్చు చూచి నిర్ణయింపుడు. ఐదు గదులున్నచో నాలుగే నిండునని లెక్కించుడు. రెండు నెలల సొమ్ము ముందుగా పుచ్చుకొనుడు. వైద్యుని ఖర్చు ఎవరిదో, యజమాని రానిచో ఏమి చేయవలెనో కాగితముపై వ్రాయించుకొనుడు. దగ్గరలో పశువైద్యుడు, స్వంత పచ్చిమేత, ఈ రెండును లేనివారు ఈ పనికి పూనుకొనకుండుటే మేలు. ఉన్నవారు లెక్క సరిపోయిననాడే పునాది తీయవచ్చును.