అరికాళ్ళతో వినే పాట

పిల్లలూ! విశాఖపట్నం వెళ్ళినవాళ్ళలో కొందరైనా యారాడ చూసే ఉంటారు. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. అక్కడి అలలు మహా గట్టివి, నీళ్ళలోకి మాత్రం దిగకండి! ఒడ్డున తడి ఇసుకమీద చెప్పులు విడిచి, చెవులు మూసుకుని నిలబడండి. పెద్ద అల విరిగి పడినప్పుడల్లా అరికాళ్ళ కింద ఇసుక దడదడలాడుతుంది. చెవులు మూసుకున్నా అల వచ్చిన సంగతి కాళ్ళకు తెలిసిపోయింది!

ధ్వని అంటే కంపనమే గదా. మన చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు కంపనాలను వింటుంది. చర్మానికి అంత శక్తి లేదు. 1,000 దాటితే దానికి దాదాపు ఏమీ తెలియదు. కాని డప్పు, ఢంకా వంటి వాటి మోత దానికి బాగానే అందుతుంది. మన ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్ళు ఆడేవారిని చూశారా? తప్పెటను రొమ్ముకు కట్టుకుని వాయిస్తారు. ఆ దరువు వాళ్ళ చెవులకే కాదు, ఎముకలకు కూడా వినిపిస్తుంది.

స్కాట్లండులో ఎవెలిన్ గ్లెన్నీ అనే అమ్మాయికి 8వ ఏట వినికిడి తగ్గసాగింది. 12వ ఏటికి దాదాపు పూర్తిగా పోయింది. గురువు పెద్ద ఢంకాలు వాయిస్తూ ఉంటే, ఆమె గోడకు అరచేతులు ఆనించి, ఏ స్వరం ఒంటిలో ఎక్కడ తగులుతున్నదో పట్టుకున్నది. 2012లో లండను ఒలింపిక్ క్రీడల ప్రారంభంనాడు వెయ్యిమంది డోలు వాద్యగాళ్ళకు ఆమే నాయకురాలు. వేదికమీద ఆమె తరచు చెప్పులు లేకుండానే వాయిస్తుంది. ఎందుకో మీకిప్పుడు తెలుసు!

చెవి బాగానే ఉండి, బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలకు కూడా సంగీత చికిత్స చేస్తారు. 1959లో ఇంగ్లండులో పాల్ నార్డాఫ్ అనే సంగీతకర్త, క్లైవ్ రాబిన్స్ అనే ఉపాధ్యాయుడు కలిసి ఒక పద్ధతి మొదలుపెట్టారు. పిలిస్తే పలకని పిల్లవాడు ఒకడున్నాడనుకోండి. వాడికి పాట నేర్పరు. వాడి ముందు ఒక డోలు పెడతారు. వాడు రెండు దెబ్బలు వేస్తే పియానో కూడా రెండుసార్లు పలికి ఊరుకుంటుంది. వాడు ఆగితే అదీ ఆగుతుంది. కొన్ని రోజులకో, కొన్ని నెలలకో వాడు తలెత్తి చూడవచ్చు: "నేను అడిగాను, ఎవరో జవాబిచ్చారే!" ఒకరు పలకటం, ఒకరు ఆగటం. మాటకన్న ముందు నేర్చుకోవలసింది ఇదే.

అంతేగాని ఫలానా రాగం పాడితే ఫలానా జబ్బు మాయమవుతుందనే మాట నేను నమ్మను. లోపలి చెవిలో ధ్వనిని పసిగట్టే సన్నని రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి. అవి చెడితే మనిషికి మళ్ళీ మొలవవు. ఏ పాటా వాటిని మొలిపించలేదు.

అందుకే పెద్దలకు ఒక మాట. పిలిచినా తిరిగి చూడని బిడ్డను "మొద్దు" అనేముందు చెవి చూపించండి. విశాఖలో పెదవాల్తేరులోనే ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉన్నది. పసిపాప నిద్రపోతూండగానే చేసే పరీక్ష ఒకటున్నది. చెవిలో చిన్న గొట్టం పెట్టి శబ్దం పంపుతారు. లోపలి చెవి బాగుంటే సన్నని ప్రతిధ్వని వెనక్కు వస్తుంది. మాటలు నేర్చే వయసులో ఒక ఏడాది వృథా అయితే దాన్ని తిరిగి సంపాదించటం చాలా కష్టం.

ఇక మీ పని. ఊదిన బుడగను రెండు అరచేతుల మధ్య పట్టుకుని, కచేరీ వస్తున్న రేడియో ముందు కూర్చోండి. మృదంగం మోగినప్పుడు బుడగ వేళ్ళకింద జలదరిస్తుంది. వేణువు పై స్వరాలకు ఎక్కినప్పుడు ఏమవుతుందో చూడండి. మీ వీధిలో చెవి వినిపించని పిల్లలెవరైనా ఉంటే బుడగ మొదట వాళ్ళ చేతికివ్వండి.