డిష్ మేము కట్టాం, టవర్ మీరు కట్టండి

మా బడి వెనక ఒక వెదురు గెడ పాతాం. దాని చివర పాత టీవీ డిష్. డిష్ ముందు కడ్డీకి, వానకు తడవకుండా ప్లాస్టిక్ సీసాలో పెట్టి కట్టిన వైఫై డాంగిల్. చూడవచ్చిన పెద్దమనుషులు దాని పక్కన నిలబడి ఫోటో దిగుతారు. "గిరిజనుల తెలివి చూడండి" అంటారు. ఆ మెచ్చుకోలు మాకు వద్దు. ఎందుకు వద్దో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ముందు పని ఏమిటో చెబుతాం, అవసరమైన మనవాళ్లు చేసుకుంటారు. టవర్ కొండ అవతల ఉంది. దాని తరంగం మా దాకా వచ్చేసరికి నీరసపడిపోతుంది. చూరు నీళ్లను వెదురు దోనె ఒక్క కుండలోకి పట్టినట్టు, డిష్ వంపు ఆ తరంగాన్ని ఒక్కచోటికి చేరుస్తుంది. మొదట ఇనుప జల్లెడతో చూశాం. 1800 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 17 సెంటీమీటర్లు, జల్లెడ కన్నాల్లోంచి జారిపోదు. కానీ జల్లెడ చిన్నది, పోగయ్యేదీ తక్కువే. అందుకే 60 సెంటీమీటర్ల డిష్ కట్టాం. టీవీ డిష్ తన మొహం ఉన్న దిక్కుకంటే కాస్త పైనుంచి వచ్చేదాన్ని పట్టుకుంటుంది. కాబట్టి టవర్‌కు గురిపెట్టాలంటే మొహం నేలవైపు వంచాలి. ఒకరు గెడ తిప్పుతుంటే ఇంకొకరు డాంగిల్ చూపే అంకె చూడాలి. మాకు మైనస్ 115 ఉన్నది మైనస్ 104కు వచ్చింది. సున్నాకు దగ్గరైనకొద్దీ మంచిది.

అంతే. డిష్‌లో సిగ్నల్ పుట్టదు. వచ్చినదాన్ని పోగుచేస్తుంది. గెడ్డ అవతలి ఊళ్లో ఇదే డిష్ కట్టి చూశాం, ఏమీ దొరకలేదు. వాన పడని చోట దోనె ఏం పడుతుంది? అలాగని ఆ ఊరివాళ్లు తెలివితక్కువవాళ్లా?

అయినా లెక్కలన్నీ ఫోన్‌లోనే అడుగుతారు. టీచర్ హాజరు ఫోన్‌లో. రేషన్‌కు వేలిముద్ర యంత్రంలో. ఉపాధి హామీ కూలీలకు 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండు ఫోటోల హాజరు యాప్‌లో. సిగ్నల్ లేకపోతే బడిలో ఉన్న టీచర్ లేనట్టే, మట్టి తవ్విన కూలీ తవ్వనట్టే. బడి గంట కొట్టే వేళకు మాలో ఒకరు హాజరు కోసం గట్టెక్కి నిలబడిన రోజులున్నాయి. ఆ పూట పిల్లలు పోగొట్టుకున్న పాఠం ఏ యాప్‌లో నమోదవుతుంది?

"బూస్టర్ కొనుక్కోండి" అని ఒకరు సలహా ఇచ్చారు. అనుమతి లేని బూస్టర్ పెట్టడం చట్టవిరుద్ధం. అంటే డబ్బూ మాదే, కేసూ మాదేనన్నమాట.

మనలో చదువుకున్న కొందరు కూడా "ఎంతకాలం అడుక్కుంటాం, మనమే చేసుకుందాం" అంటున్నారు. చేసుకున్నాం కదా. కానీ డోలీ కట్టడం మనకు తాతలనాటి నుంచీ వచ్చు. వచ్చు గనుక రోడ్డు వద్దన్నామా? డోలీ ఫోటో పేపర్లో పడితే అయ్యో అంటారు, డిష్ ఫోటో పడితే ఆహా అంటారు. రెండు ఫోటోల్లోనూ ఉన్నది ఒకటే, చేయాల్సినవాళ్లు చేయని పని మన భుజాన పడడం. హక్కు అడగడాన్ని అడుక్కోవడం అనకండి.

డబ్బు లేదనడానికి వీల్లేదు. మారుమూల ఊళ్లకు ఫోను అందించడానికని టెలికాం కంపెనీల ఆదాయం మీద 5 శాతం లెవీ ఉంది. 2002లో మొదలైన ఆ నిధికి ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చారు. 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం 24,680 ఊళ్లకు 4జీ ఇస్తామని 26,316 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ జాబితాలో మన ఊళ్లు ఏవేవి ఉన్నాయి? ఉంటే టవర్ ఏది? గ్రామసభలో అందరి ముందు చదివి వినిపించాలి.

మేము అడిగేది పెద్దదేమీ కాదు. సిగ్నల్ వచ్చేదాకా కాగితం మీద పెట్టిన సంతకాన్ని, వేలిముద్రను హాజరుగా ఒప్పుకోవాలి. సిగ్నల్ లేదని ఒక్క కూలి, ఒక్క కిలో బియ్యం ఆపకూడదు. టవర్ ఎక్కడ పెట్టాలో గ్రామసభను అడిగి పెట్టాలి. కరెంటు పోయినా పనిచేసేలా దానికి బ్యాటరీ, సోలార్ పెట్టాలి.

ఆ టవర్ వచ్చిన రోజు మా డిష్ మేమే దించుతాం. అప్పటిదాకా దాని పక్కన ఫోటో దిగాలనుకునేవాళ్లు, ముందు గెడ్డ దాటి అవతలి ఊరికి వెళ్లి, అక్కడి నుంచి ఒక్క ఫోను చేసి చూడండి.