పుంజు సరే, చాపకూడు సంగతో?

ఎడ్లపాడు మండలంలోని కొండవీడులో పెదకోమటి వేమారెడ్డి కొలువుకు విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడంటే సంస్కృత సమాసాల దిట్ట. కోడిపందెంతో ముదిరిన పోరును జానపదులు పాడుకునే ద్విపదలో చెప్పిన పల్నాటి వీరచరిత్ర కూడా ఆయన పేరిటే ఉందంటే కొత్తవాళ్లు ఓ పట్టాన నమ్మరు. ఆ కథలో మాచర్ల రాజు మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు ఓడింది; పందెం ప్రకారం మలిదేవుడి పక్షం ఏడేళ్లు మాచర్ల విడవాల్సి వచ్చింది! ఆ పోరులోని వీరుల పేరిట కారంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు మొదలయ్యే 5 రోజుల వీరారాధనలో కోడిపోరు ఇప్పటికీ ఒక ఘట్టం. పూజలు అందుకునేది వీరుల ఆయుధాలు. పల్నాడు అనగానే అందరూ పుంజునే తలుచుకోవడం మాత్రం అన్యాయం. కులభేదం లేకుండా ఒకే చాప మీద కూడు తినే చాపకూడూ ఆ ఉత్సవంలోదే. బడిపిల్లలకు ముందుగా చెప్పాల్సింది దాని గురించి, మాల కన్నమదాసును సేనానిని చేసిన బ్రహ్మనాయుడి గురించి.