జిల్లా జడ్జీల వేతనాలు (గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్)

జిల్లా జడ్జి రాష్ట్ర న్యాయవ్యవస్థలో హైకోర్టు న్యాయమూర్తుల తరువాతి స్థానంలో ఉండే న్యాయాధికారి. తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. న్యాయపాలనలో మాత్రం ఇవి మరికొన్నేళ్ళు మహబూబ్‌నగర్ జిల్లా జడ్జి పరిధిలోనే ఉన్నాయి. 2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త జిల్లా కోర్టులు ప్రారంభమైనపుడు ఈ మూడు పట్టణాలకూ వేర్వేరుగా ప్రధాన జిల్లా జడ్జీలు వచ్చారు. అదే సంవత్సరం జూలై 27న దేశమంతటా జిల్లా జడ్జీల కొత్త వేతనాలను సుప్రీం కోర్టు ఆమోదించింది.

రాజ్యాంగ రక్షణలో తేడా

సుప్రీం కోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల వేతనాలను 125, 221 అధికరణాల ప్రకారం పార్లమెంటు చట్టం ద్వారా నిర్ణయిస్తుంది. నియామకం తరువాత వారి భత్యాలను, సెలవు, పింఛను హక్కులను వారికి నష్టం కలిగేలా మార్చరాదు. హైకోర్టు న్యాయమూర్తుల వేతనం రాష్ట్ర సంచిత నిధిపై పడే వ్యయం కనుక శాసనసభలో దానిపై ఓటింగు ఉండదు.

1950లో హైకోర్టు న్యాయమూర్తి వేతనం నెలకు 3,500 రూపాయలు. 36 ఏళ్ళ తరువాత, 1986లో, 54వ రాజ్యాంగ సవరణతో అది 8,000 రూపాయలయింది. 2018 చట్టం దానిని 2016 జనవరి 1 నుండి వర్తించేలా 2,25,000 రూపాయలు చేసింది.

జిల్లా జడ్జీలకు ఇటువంటి రక్షణ రాజ్యాంగంలో లేదు. వారి వేతనాలు రాష్ట్ర నియమాలపై ఆధారపడి ఉంటాయి. అందువలన వారి వేతనాలలో మార్పులు ఎక్కువగా సుప్రీం కోర్టు తీర్పుల ద్వారానే వచ్చాయి.

వేతన సంఘాలు

అఖిల భారత న్యాయాధికారుల సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీం కోర్టు 1991, 1993లలో తీర్పులిచ్చింది. న్యాయాధికారులను ఇతర ప్రభుత్వోద్యోగులతో పోల్చరాదని 1993 తీర్పు స్పష్టం చేసింది. 1996లో జస్టిస్ కె. జగన్నాథ శెట్టి అధ్యక్షతన మొదటి జాతీయ న్యాయ వేతన సంఘం ఏర్పడింది. దాని సిఫారసులను సుప్రీం కోర్టు 2002 మార్చి 21న కొన్ని మార్పులతో ఆమోదించింది. అప్పుడు జిల్లా జడ్జి ప్రారంభ వేతనం 16,750 రూపాయలు.

రెండవ సంఘానికి తెలుగువారైన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి అధ్యక్షత వహించారు. ఈ సంఘం సిఫారసు చేసిన ప్రకారం జిల్లా జడ్జి ప్రారంభ వేతనం 1,44,840 రూపాయలు. అత్యున్నత శ్రేణిలో గరిష్ఠం 2,24,100 రూపాయలు. అంటే అది హైకోర్టు న్యాయమూర్తి వేతనానికి 900 రూపాయలు మాత్రమే తక్కువ. ఇవి 2016 నుండి వర్తించినా ఆమోదం లభించింది 2022లో. బకాయిలను 2023 జూన్ 30 లోపు విడతలవారీగా చెల్లించాలని కోర్టు ఆదేశించింది. పింఛనుపై 2023 మే 19న, భత్యాలపై 2024 జనవరి 4న తీర్పులు వచ్చాయి.

ఈ జిల్లాలలో ప్రాధాన్యత

గద్వాల ప్రాంతంలో నెట్టెంపాడు, వనపర్తి ప్రాంతంలో భీమా, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో కల్వకుర్తి ఎత్తిపోతల పథకాలకు ప్రభుత్వం రైతుల నుండి భూమి సేకరించింది. 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం చాలదనుకున్న రైతు కోరితే వివాదం సివిల్ కోర్టుకు వెళ్ళేది. అటువంటి వ్యాజ్యంలో ఒక పక్షం రైతు, మరొక పక్షం ప్రభుత్వం. తీర్పు చెప్పే న్యాయాధికారికి జీతం ఇచ్చేది కూడా ఆ ప్రభుత్వ ఖజానాయే. కనుక జీతం పెంపు ప్రభుత్వ ఇష్టాయిష్టాలపై ఆధారపడితే, తీర్పు నిష్పక్షపాతమైనదైనా ఓడిన రైతుకు అనుమానం మిగులుతుంది. వేతన నిర్ణయానికి స్వతంత్ర సంఘం ఉండాలన్న వాదనకు ఇదే ముఖ్యమైన ఆధారం.

విమర్శలు

వలస కూలీలకు పేరుపడిన పాలమూరు ప్రాంతంలో ఇంత జీతం అధికమనిపించవచ్చు. వేతనాల పెంపు వలన ఆర్థిక భారం పెరుగుతుందని రాష్ట్రాలు వాదించాయి. న్యాయాధికారులకు గౌరవప్రదమైన పని పరిస్థితులు కల్పించడం రాష్ట్రాల బాధ్యత అని, ఆర్థిక భారాన్ని సాకుగా చూపరాదని 2024 తీర్పు పేర్కొంది.

అయితే జీతం పెరిగినంత మాత్రాన కేసులు త్వరగా తేలవు. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలు ఉండాలని 2002 తీర్పులోనే సుప్రీం కోర్టు ఆదేశించింది. వేతనాల భాగం ఆలస్యంగానైనా అమలైంది కాని, జడ్జీల సంఖ్య దేశంలో ఇంకా ఆ స్థాయికి చేరలేదు.